మెడ వంగని మనిషికి థైరాయిడ్ ఆపరేషన్: ఫ్లోరైడ్ ప్రాంతం నుంచి ఒక కేసు

థైరాయిడ్ ఆపరేషన్‌కు పేషెంట్‌ను టేబుల్ మీద పడుకోబెట్టగానే భుజాల కింద ఒక దిండు పెడతాం. తల వెనక్కి వాలుతుంది, మెడ ముందుభాగం పైకి లేస్తుంది, గ్రంథి చేతికి అందుతుంది. మత్తు డాక్టర్ గొంతులో గొట్టం వేయడానికి కూడా తల అలా వెనక్కి వాలాలి. పుస్తకంలో ఇదంతా ఒక్క వాక్యం. నల్గొండలో పనిచేసే మాకు కేసు ఆ వాక్యం దగ్గరే ఆగిపోవచ్చు, ఎందుకంటే ఇక్కడ మెడ వెనక్కి వంగని మనుషులు చాలామంది ఉన్నారు.

కారణం ఇక్కడి వాళ్ళకు చెప్పనక్కర్లేదు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 వరకు సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణం. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోరు నీళ్ళలో ఏళ్ళ తరబడి అంతకంటే చాలా ఎక్కువ ఉండేది. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లాల్లో కృష్ణా నీళ్ళు వస్తున్నాయి. కానీ ముప్పై, నలభై ఏళ్ళు బోరు నీళ్ళు తాగిన ఒంట్లో ఎముకలకు పట్టిన ఫ్లోరైడ్ నల్లా నీళ్ళు రాగానే వదిలిపోదు. పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు, వంగిపోయిన కాళ్ళు అందరికీ కనిపిస్తాయి. వెన్నుపూసలను కలిపి ఉంచే పట్టీల్లాంటి లిగమెంట్లు ఎముకలా గట్టిపడటం, వెన్నుపాము వెళ్ళే దారి ఇరుకు కావడం మాత్రం బయటికి కనిపించవు. మోకాళ్ళ నొప్పులకో నడుము నొప్పికో మందులు వాడుతూ ఉంటారు, మెడ సంగతి ఎవరూ అడగరు.

నేను ఇక్కడ చెవి, ముక్కు, గొంతు సర్జన్‌ని. ఈ కేసు రాయడానికి పేషెంట్ అనుమతి తీసుకున్నాను. వయసు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. వైద్యానికి సంబంధించిన విషయాలు మార్చలేదు.

పేషెంట్

యాభై దాటిన రైతుకూలీ. బరువు 45 కిలోలు. మెడ ముందు గడ్డ చాలా ఏళ్ళుగా ఉంది. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు. ఏడాదిగా మింగుడు కష్టమైంది, కొన్ని నెలలుగా వెల్లకిలా పడుకోలేకపోతోంది.

“పండుకుంటే ఊపిరాడ్తలేదు సారూ. గొంతు మీద ఎవలో చెయ్యి పెట్టి ఒత్తినట్టయితది. రాత్రంత గోడకు ఆనుకొని కూసుంట” అంది.

మా దగ్గరికి రాకముందు ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్‌కు చేరింది. మత్తు ఇచ్చాక గొంతులో గొట్టం వెళ్ళలేదు. ఆక్సిజన్ మాస్కుతో నెట్టుకొచ్చి, మెలకువ తెప్పించి పంపేశారు. డిశ్చార్జి కాగితంలో “గొట్టం వేయడం కష్టం, పెద్ద ఆస్పత్రికి వెళ్ళాలి” అని ఒక్క ముక్క రాశారు. ఎందుకు కష్టమైందో, ఏ పరికరంతో ప్రయత్నించారో, మాస్కుతో ఊపిరి అందించడం సులువుగా అయిందా లేదా, ఏదీ లేదు. తర్వాత కేసు తీసుకునే వాళ్ళకు కావలసింది సరిగ్గా ఆ వివరాలే. హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆస్పత్రికి కూడా వెళ్ళారు. పరీక్షలకు మళ్ళీ మళ్ళీ రమ్మన్నారు. కూలి పోగొట్టుకుని, బస్సుల్లో తిరగలేక మధ్యలోనే మానేశారు.

ఓపీలో చేసిన పరీక్ష చిన్నదే. పైకప్పు చూడమ్మా అన్నాను. కళ్ళు పైకి వెళ్ళాయి, గదవ కదల్లేదు. పక్కకు చూడమంటే భుజాలతో సహా ఒళ్ళంతా తిప్పింది. నోరు రెండు వేళ్ళు పట్టేంతే తెరుచుకుంది, మామూలుగా మూడు వేళ్ళు పట్టాలి. గడ్డ కుడివైపు పెద్దది, కింది అంచు ఎదురొమ్ము ఎముక వెనక్కి దిగిపోయి వేలికి తగలడం లేదు. ముక్కులోంచి సన్నటి స్కోపు (కెమెరా గొట్టం) వేసి చూస్తే స్వరతంత్రులు రెండూ బాగానే కదులుతున్నాయి. ఆపరేషన్ తర్వాత గొంతు మారితే పోల్చుకోవడానికి ఈ రికార్డు ఉండాలి. అందుకే గొంతు ఎంత బాగున్నా మా దగ్గర ఈ స్కోపు వేయకుండా థైరాయిడ్ కేసు థియేటర్‌కు వెళ్ళదు.

ఇంకొకటి కూడా అడిగాను: చేతులు తిమ్మిరెక్కుతాయా? జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం కష్టంగా ఉందా? “ఏడాది సంది కోడలే పెడ్తది” అంది. థైరాయిడ్ కోసం వచ్చిన మనిషిని ఈ ప్రశ్న ఎందుకడుగుతున్నానని కోడలు నా వైపు వింతగా చూసింది. వేళ్ళతో చేసే సన్నపనులు రాకపోవడం మెడ దగ్గర వెన్నుపాము నలుగుతోందనడానికి తొలి గుర్తు కావచ్చు. అలాంటి మెడను మత్తులో బలంగా వెనక్కి వంచితే, గొంతు గడ్డకు వచ్చిన మనిషి కాళ్ళూ చేతులూ పడిపోయి ఇంటికి వెళ్ళే ప్రమాదముంది.

పరీక్షలు, వాటి వెనక లెక్క

థైరాయిడ్ హార్మోన్లు మామూలుగా ఉన్నాయి. సూది పరీక్షలో క్యాన్సర్ కణాలు లేవు. థైరాయిడ్ కుడి సగం, అంటే కుడి లోబ్, సుమారు 9 సెంటీమీటర్లు పొడవు, ఎడమ లోబ్‌లో చిన్నచిన్న గడ్డలే ఉన్నాయి.

వెన్నుపాము చూడాలంటే ఎంఆర్‌ఐ కావాలి. కానీ ఎంఆర్‌ఐలో దాదాపు అరగంట వెల్లకిలా కదలకుండా పడుకోవాలి. ఈమె అయిదు నిమిషాలు పడుకోలేదు. మత్తిచ్చి తీద్దామంటే మనం తప్పించుకోవాలనుకుంటున్న ప్రమాదమే అది. అందుకని వీపు కింద ఎత్తు పెట్టి సీటీ తీయించాం, దానికి కొన్ని సెకన్లు చాలు. కాంట్రాస్ట్ మందు వద్దన్నాం. అందులో అయోడిన్ ఉంటుంది, ఎన్నాళ్ళుగానో ఉన్న గడ్డల థైరాయిడ్‌లో అది హార్మోన్‌ను ఒక్కసారిగా పెంచే అవకాశముంది.

ఆ ఒక్క సీటీలో రెండు సంగతులు తేలాయి. శ్వాసనాళం ఎడమకు నెట్టబడి, ఇరుకైన చోట 7 మిల్లీమీటర్లే మిగిలింది. మెడ వెన్నుపూసల వెనక లిగమెంట్ గట్టిపడి, వెన్నుపాము దారి ఇరుకైంది. ఎముక ఎక్కడ గట్టిపడిందో చూడటానికి సీటీయే మేలు. వెన్నుపాము ఎంత నలిగిందో చెప్పడానికి మాత్రం ఎంఆర్‌ఐ కావాలి. అది ఆపరేషన్ తర్వాతకు వాయిదా వేసుకున్నాం.

ముందు వెన్నెముకా, ముందు థైరాయిడా? న్యూరోసర్జన్‌తో చాలాసేపు మాట్లాడాను. మెడ వెన్నెముక ఆపరేషన్‌కు సాధారణంగా బోర్లా పడుకోబెట్టాలి, గొంతులో గొట్టం దానికీ కావాలి. 7 మిల్లీమీటర్ల శ్వాసనాళంతో ఆమె బోర్లా పడుకుంటే ఏమవుతుందో ఊహించవచ్చు. చేతుల బలహీనత నెలల్లో పెరగలేదని, నడక తూలడం లేదని, మూత్రం మీద అదుపు ఉందని ఆయన పరీక్షించి చూశారు. ముందు థైరాయిడ్ అని ఇద్దరం ఒప్పుకున్నాం. నడక చెడిపోతూ ఉండుంటే ఆలోచన వేరేగా ఉండేది.

ఈ గడ్డ ఫ్లోరైడ్ వల్లే వచ్చిందా అని కోడలు అడిగింది, ఇదే ప్రశ్న జూనియర్లూ అడిగారు. ఈ కేసులో దానికి జవాబు ఏదైనా మేం చేయాల్సింది మారదు. ఫ్లోరైడ్ మాకు అడ్డం వచ్చింది మెడలో, ఎముకల్లో.

ఎముకల సంగతికి వస్తే, విటమిన్ డి బాగా తక్కువ ఉంది, ఎముకల స్థితిని చెప్పే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ రక్తంలో ఎక్కువ ఉంది. ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ జబ్బు) ఉన్నవాళ్ళలో ఈ జోడీ కొత్త కాదు. థైరాయిడ్ వెనక గోధుమగింజంత పారాథైరాయిడ్ గ్రంథులు సాధారణంగా నాలుగుంటాయి, రక్తంలో కాల్షియం వాటి అదుపులో ఉంటుంది. వాటికి దెబ్బ తగిలితే ఎవరికైనా కాల్షియం పడిపోతుంది. ముందే లోటున్న ఒంట్లో ఇంకా లోతుకు పడిపోతుంది. వారానికోసారి 60,000 యూనిట్ల విటమిన్ డి మొదలుపెట్టి, ఆపరేషన్‌ను కొన్ని వారాలు జరిపాం. రాత్రుళ్ళు తల ఎత్తులో పెట్టుకుని పడుకోవాలని, ఊపిరిలో ఈల శబ్దం వస్తే ఆ క్షణమే 108కి ఫోన్ చేయాలని కోడలికి చెప్పాం.

ఎంత తీయాలి, ఎక్కడ తీయాలి

గడ్డలు రెండువైపులా ఉన్నప్పుడు మొత్తం థైరాయిడ్ తీసేయడం చాలాచోట్ల అలవాటు. మళ్ళీ గడ్డ రాదు, ఇంకో ఆపరేషన్ ఉండదు. నేను అలా వద్దనుకున్నాను. గొంతు నొక్కుతున్నది కుడి లోబ్. ఎడమవైపు గడ్డలు శ్వాసనాళాన్ని ముట్టుకోవడం లేదు, క్యాన్సర్ అనుమానం లేదు. మొత్తం తీస్తే స్వరతంత్రులను కదిలించే రెండు స్వర నరాలూ, పారాథైరాయిడ్లన్నీ ప్రమాదంలో పడతాయి. రెండు నరాలూ దెబ్బతింటే ఊపిరి దారి మూసుకుపోతుంది. ఈ మెడలో అప్పుడు గొట్టం వేయడం మళ్ళీ ఎవరి తరం? పైగా జీవితాంతం థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్) బిళ్ళ, బహుశా కాల్షియం కూడా, పొద్దున్నే కూలికి వెళ్ళే మనిషి రోజూ మింగాలి. కుడి లోబ్, రెండు లోబ్‌లనూ కలిపే మధ్యలోని ఇస్మస్ తీసి ఎడమ లోబ్ ఉంచేయాలని నిర్ణయించాం. కొన్నేళ్ళకు ఎడమవైపు పెరగవచ్చని కుటుంబానికి స్పష్టంగా చెప్పాం.

మందులతో కరిగించలేమా అని అడిగారు. థైరాక్సిన్‌తో ఇంత గడ్డ తగ్గదు. రేడియో అయోడిన్ నెమ్మదిగా పనిచేస్తుంది, మొదట్లో గ్రంథి కొంచెం వాచే ప్రమాదముంది. 7 మిల్లీమీటర్ల దారిలో ఆ కొంచెం వాపుకు కూడా చోటు లేదు.

హైదరాబాద్ పంపడం సేఫ్ అని ఒక సీనియర్ అన్నారు. ఆ మాట తేలిగ్గా తీసేయలేదు. అక్కడ స్వర నరాన్ని కనిపెట్టే మానిటర్ ఉంటుంది, పెద్ద ఐసీయూ ఉంటుంది. మా దగ్గర ఫైబర్ స్కోపుతో గొట్టం వేయడంలో చేయి తిరిగిన మత్తు డాక్టర్ ఉన్నారు, ఛాతీ విభాగం బ్రాంకోస్కోప్ ఇస్తుంది, ఐసీయూలో ఒక బెడ్ పట్టి ఉంచగలం. ఆమె ఒకసారి ఆ వంద కిలోమీటర్ల దారిలోనే వైద్యం వదిలేసుకుందన్నది కూడా లెక్కలోకి తీసుకున్నాం. రెఫర్ చేశామని రాసుకుంటే మా ఫైలు సురక్షితం, ఆమె గోడకు ఆనుకునే కూర్చుంటుంది. గడ్డ ఛాతీలోకి ఇంకా లోతుగా దిగి, ఎదురొమ్ము ఎముక కోయాల్సిన పరిస్థితి సీటీలో కనిపించి ఉంటే మాత్రం రెండో మాట లేకుండా పంపేవాళ్ళం.

మొదటి ప్రయత్నం

ఈ కేసులో అందరికీ నిజంగా టెన్షన్ పెట్టింది ఒక్కటే: రెండో దారి లేకపోవడం. మామూలుగా గొట్టం వెళ్ళకపోతే ఆఖరి ఉపాయంగా మెడ ముందు నుంచి శ్వాసనాళంలోకి రంధ్రం చేస్తాం. ఇక్కడ ఆ చోటంతా గడ్డ కప్పేసింది. కాబట్టి మత్తిచ్చి చూద్దాం అనే మాటకే తావులేదు. మనిషి మేలుకుని, తన ఊపిరి తాను తీసుకుంటూ ఉండగానే, గొంతును మొద్దుబార్చి ముక్కు ద్వారా స్కోపు పంపి, దాని మీదుగా గొట్టం జార్చాలి.

ముందురోజు వార్డులో ఆమెను మంచం మీద కూర్చోబెట్టి తల ఎంతవరకు సుఖంగా వెనక్కి వెళ్తుందో చూశాం. కొంచెం ఎక్కువ వాల్చగానే “చేతులల్ల కరెంటు కొట్టినట్టయితుంది బిడ్డా” అంది. అక్కడితో ఆపి, ఆ కోణాన్ని కేస్ షీట్ మీద బొమ్మ గీసి పెట్టాం. థియేటర్‌లో తల ఆ గీత దాటకూడదు. మత్తులో ఉన్న మనిషి కరెంటు కొట్టిందని చెప్పలేదు కదా. మేలుకుని ఉన్నప్పుడే ఒంటిని అడిగి తెలుసుకోవాలి.

మర్నాడు ముక్కులో చుక్కలు వేసి, లిగ్నోకైన్ స్ప్రే చేసి, సగం ఒరిగిన భంగిమలో స్కోపు మొదలుపెట్టారు. స్కోపు గొంతు వెనక్కి చేరగానే ఆమెకు తెరలు తెరలుగా దగ్గు వచ్చింది. నోట్లో ఊట ఎక్కువై ఏమీ కనిపించలేదు, ముక్కులోంచి కొంచెం రక్తం వచ్చింది. భయంతో ఆమె మత్తు డాక్టర్ చెయ్యి పట్టుకుని తోసేసింది. కొద్దిగా ఎక్కువ నిద్రమందు ఇస్తే సర్దుకుంటుందని ఎవరో అన్నారు. అత్యంత ప్రమాదకరమైన సలహా అది. ఇరుకు శ్వాసనాళం, వంగని మెడ ఉన్న మనిషికి నిద్రమందు పెంచితే ఊపిరి ఆగిన క్షణాన మన చేతిలో ఏమీ ఉండదు. రక్తం వస్తున్న ముక్కులో మళ్ళీమళ్ళీ గుచ్చితే వాపు పెరిగి, అప్పటికి ఉన్న దారి కూడా పోతుంది.

మత్తు డాక్టర్ స్కోపు బయటికి తీసి “ఈరోజు వద్దు” అన్నారు. థియేటర్‌లో ఒక పొద్దు వృథా అయిందని బయట అనుకున్నారు. ఆపరేషన్ మొదలుపెట్టకుండా వెనక్కి వచ్చిన కేసును ఆస్పత్రి రిజిస్టర్‌లో “రద్దు” గడిలో రాస్తారు, నెలాఖరున ఆ గడిలో అంకె పెరిగితే జవాబు చెప్పుకోవాలి. అదే గడిలో ప్రాణం కాపాడిన నిర్ణయాలు కూడా పడుతున్నాయి. సురక్షితంగా ఆపిన కేసుకు విడిగా ఒక గడి ఉండాలని మా మీటింగ్‌లో పట్టుబట్టాను.

రెండోసారి ఏం మారింది

స్కోపు అదే, చేయి అదే. మారింది తయారీ.

నోటి ఊట తగ్గించే గ్లైకోపైరోలేట్ థియేటర్‌లో కాకుండా చాలా ముందుగా వార్డులోనే ఇచ్చారు. తడి గొంతు మీద మొద్దుబార్చే మందు పట్టదు, ఆరిన గొంతుకు పడుతుంది. లిగ్నోకైన్‌ను మొదట నెబ్యులైజర్‌లో ఇచ్చి, ఆ తర్వాత స్కోపు లోపలి నుంచి అంచెలంచెలుగా జల్లారు. మొత్తం మోతాదు కిలోకు 9 మిల్లీగ్రాములు దాటకూడదు కాబట్టి ఈమెకు 400 మిల్లీగ్రాములు హద్దుగా బోర్డు మీద రాసి, ఇచ్చినప్పుడల్లా ఒకరు కలుపుతూ వచ్చారు. పడుకోబెట్టలేదు. పూర్తిగా కూర్చోబెట్టి, డాక్టర్ ఎదురుగా నిలబడి చేశారు. వెనక్కి వంగని మనిషికి ఊపిరి బాగా ఆడేది కూర్చున్నప్పుడే.

అన్నిటికన్నా పనిచేసింది ముందు రెండు సాయంత్రాలు మత్తు డాక్టర్ ఆమె మంచం పక్కన గడపడం. స్కోపు చేతికిచ్చి చూపించారు. గొంతులో మొద్దుబారితే ఎలా ఉంటుందో వార్డులోనే ఒకసారి స్ప్రే చేసి చూపారు. ఇబ్బందైతే ఎడమ చెయ్యి ఎత్తు, ఎత్తగానే ఆపేస్తాను అని మాటిచ్చారు. థియేటర్‌లో ఆమె చెయ్యి ఎత్తింది, ఆయన ఆపారు. ఆ తర్వాత ఆమె చెయ్యి దించి, తలతో సైగ చేసింది. గొట్టం వెళ్ళింది, అది శ్వాసనాళంలోకే వెళ్ళిందని చెప్పే కార్బన్ డయాక్సైడ్ గీత తెర మీద కనిపించింది, అప్పుడే మత్తు ఇచ్చారు.

మత్తు వచ్చాక టేబుల్‌ను నెమ్మదిగా వాల్చాం. భుజాల కింద దిండు లేదు, పలచగా మడిచిన టవల్ మాత్రమే. కేస్ షీట్ మీద గీసిన బొమ్మను గోడకు అంటించాం. మెడ వెనక్కి వంగకపోతే గ్రంథి లోతులో ఉండిపోతుంది. కోత మామూలుకన్నా పొడవు పెట్టాను, గ్రంథి మీది కండరాలను పక్కకు లాగి సరిపెట్టుకోకుండా అడ్డంగా కోసి తెరిచాను. మచ్చ కొంచెం పెద్దదవుతుంది, కానీ చోటు లేని చోట లాగితే నరం తెగుతుంది. పై కొస రక్తనాళాలను గ్రంథికి ఆనుకునే ఒక్కొక్కటిగా కట్టాం. గడ్డను కదిలించే ముందే స్వర నరాన్ని కంటితో చూసి, స్వరపేటికలోకి వెళ్ళేదాకా వెంబడించాను. మానిటర్ లేనప్పుడు ఉన్న కాపలా అదే. ఛాతీలోకి దిగిన భాగం వేలితో విడదీస్తే పైకి వచ్చింది. కుడివైపు రెండు పారాథైరాయిడ్లూ రంగు చెడకుండా నిలిచాయి.

మామూలు కేసుకు పట్టే సమయానికి దాదాపు రెట్టింపు పట్టింది. కుట్లు వేసే ముందు మత్తు డాక్టర్ ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెంచి పట్టి ఉంచారు, రక్తపోటును ఆమె మామూలు స్థాయికి తెచ్చారు. తక్కువ బీపీలో ఊరుకున్న సిరలు వార్డులో దగ్గినప్పుడు తెరుచుకుంటాయి, అవేవో టేబుల్ మీదే బయటపడాలి. అప్పటికి ఎక్కడా రక్తం లేదు. ఖాళీ పెద్దది కాబట్టి లోపల చేరే రక్తం బయటికి రావడానికి డ్రెయిన్ గొట్టం పెట్టాను. డ్రెయిన్ ఉంటే రక్తం పేరుకోదన్న నమ్మకం మాత్రం నాకు లేదు, రుజువులూ అలా చెప్పడం లేదు. గొట్టం తీసేటప్పుడు అవసరమైతే దాని మీదుగా గొట్టం మళ్ళీ వేయడానికి సన్నటి మార్పిడి కేథటర్‌ను శ్వాసనాళంలోనే కొంతసేపు ఉంచి, ఇబ్బంది లేదని చూసుకున్నాకే తీశారు.

ఆ సాయంత్రం

థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత మెడలో రక్తం గడ్డకట్టి ఊపిరి ఆపే ప్రమాదం నూటికి ఒకరిద్దరిలో ఉంటుంది. వాటిలో ఇంచుమించు సగం మొదటి 6 గంటల్లో, మిగతావాటిలో ఎక్కువ 24 గంటల్లోపు జరుగుతాయి. అందుకే కేసును పొద్దున మొదటిదిగా పెట్టాం, ఆ 6 గంటలూ సర్జన్ ఆస్పత్రిలో ఉండగానే గడవాలి. మంచం దగ్గర ఒక పెట్టె పెట్టాం: కత్తెర, ఆర్టరీ ఫోర్సెప్స్, చిన్న రిట్రాక్టర్, గాజ్, గ్లోవ్స్. స్టాఫ్ నర్సులకు ముందే వరస నేర్పాం: కట్టు తీయి, కుట్లు కత్తిరించు, చర్మం తెరువు, కండరాల పొర తెరువు, గాజ్ నింపు. డాక్టర్ కోసం ఆగకూడదు, థియేటర్‌కు పరుగెత్తకూడదు. బ్రిటన్‌లో మత్తు, థైరాయిడ్ సర్జన్ల సంఘాలు కలిసి ఇచ్చిన సూచనల్లో ఈ వరసను స్కూప్ అంటారు.

ఆపరేషన్ అయిన అయిదు గంటలకు సిస్టర్ ఫోన్ చేసింది. “సార్, కట్టు మీద నెత్తురు లేదు, డ్రెయిన్ కూడ ఖాళీగనే ఉంది, సాచురేషన్ 98. గని మనిషి వెనక్కి ఆనుతలేదు. కట్టు గుంజేస్తుంది. ఉమ్మి మింగుతలేదు. మెడ చేతికి గట్టిగ తగుల్తుంది. నేను కుట్లు కత్తిరిస్తున్న.”

ఆమె నన్ను అడగలేదు, చెప్పింది. నేను మెట్లెక్కి వచ్చేసరికి చర్మం తెరిచి ఉంది, గాయం అంచుల్లోంచి నల్లటి రక్తం పొంగుతోంది. కండరాల పొర కుట్టు నేను తీశాను. గడ్డకట్టిన రక్తం ముద్ద ఒకటి బయటికి వచ్చింది, ఆ వెంటనే పేషెంట్ పొడుగ్గా ఊపిరి తీసుకుంది. ఆక్సిజన్, వాపు తగ్గించే డెక్సామెథసోన్, రక్తస్రావం తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్ ఇచ్చి థియేటర్‌కు తీసుకెళ్ళాం. రక్తం వస్తున్నది కోసిన కండరం అంచులోని ఒక సన్న నాళం. మళ్ళీ గొట్టం అవసరం లేకుండా, కూర్చున్న భంగిమలోనే స్థానిక మత్తుతో దాన్ని కట్టేశాం. డ్రెయిన్ గొట్టం రక్తపు గడ్డతో మూసుకుపోయి ఉంది. అందుకే ఖాళీ.

ఇక్కడ కాసేపు ఆగాలి. సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 98 ఉండగా కుట్లు కత్తిరించడానికి ధైర్యం కావాలి. ఆ అంకె పడిపోయేదాకా చూస్తే, మామూలు పేషెంట్‌కు ఇంకా గొట్టం వేసే అవకాశం మిగులుతుంది, ఈమెకు మిగలదు. సిస్టర్ నమ్ముకుంది మనిషి ప్రవర్తనను, తన చేతికి తగిలిన గట్టిదనాన్ని. ఒకవేళ లోపల రక్తం లేకపోయి ఉంటే ఏమయ్యేది? కుట్లు మళ్ళీ వేసేవాళ్ళం, అంతే. ఈ మాట ముందే అందరి ముందూ చెప్పి ఉంచాం: అనవసరంగా కుట్లు తీసినందుకు ఎవరినీ ఒక్క మాట అనం. ఆ హామీ లేకపోతే రాత్రి డ్యూటీలో ఎవరూ కత్తెర ముట్టుకోరు.

తర్వాత

ఆ రాత్రి ఐసీయూలో ఉంచాం. కాల్షియం రెండు రోజులు చూశాం, నిలకడగా ఉంది. స్కోపులో కుడి స్వరతంత్రి కదులుతోంది. బయాప్సీలో క్యాన్సర్ లేదు. కొన్ని రోజులు ఎక్కువ ఉండి ఇంటికి వెళ్ళింది.

ఈ కేసును మా విభాగంలో లెక్కలు చూసుకునే మీటింగ్‌లో పెట్టాం. టేబుల్ మీద పట్టిన సమయం, మళ్ళీ థియేటర్‌కు వెళ్ళడం, ఎక్కువ రోజులు ఉండటం, ఒక రద్దు. మామూలు కొలతలతో చూస్తే ఇది బాగోలేని కేసు. ఆ కొలతలు పనికిరావని నేను అనను. కానీ ఎక్కడ మొదలుపెట్టి కొలుస్తున్నాం అన్నది చూడాలి. నర్సింగ్ హోమ్‌లో గొట్టం వెళ్ళని ఆ రోజు నుంచి కొలిస్తే, అక్కడి మత్తు, హైదరాబాద్ తిరుగుళ్ళు, కూలి పోయిన రోజులు, గోడకు ఆనుకుని గడిపిన రాత్రులు అన్నీ లెక్కలోకి వస్తాయి. ఓపీలో పైకప్పు చూడమనడానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం మొదటే ఎవరైనా ఖర్చుపెట్టి ఉంటే అవన్నీ తప్పేవి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ భద్రతా చెక్‌లిస్ట్ ఇచ్చింది. ఎనిమిది దేశాల్లోని ఎనిమిది ఆస్పత్రుల్లో వాడి చూసి 2009లో ఫలితాలు ప్రచురించారు: మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. అందులో మత్తుకు ముందే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, గొట్టం వేయడం కష్టమయ్యే అవకాశముందా అని. మా దగ్గర కూడా ఆ గడిలో మెడ చూడకుండానే “లేదు” అని టిక్కు పడిపోతుండేది. ఇప్పుడు ఫారంలో ఆ ప్రశ్న కింద మూడు ఖాళీలు పెట్టాం: పైకప్పు చూడగలరా, నోరు ఎన్ని వేళ్ళు తెరుచుకుంటుంది, చేతులు తిమ్మిరెక్కుతాయా. టిక్కుతో సరిపోదు, రాయాలి. ఫ్లోరైడ్ ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకు హెర్నియా ఆపరేషనైనా, కాన్పు కోసం సిజేరియనైనా ఈ మూడూ నింపాకే తారీఖు ఇస్తారు. థైరాయిడ్ కేసులు మధ్యాహ్నం తర్వాత మొదలుపెట్టం. పెట్టె ప్రతి మంచం దగ్గరా ఉంటుంది, మూడు నెలలకోసారి కొత్త సిస్టర్లతో ఆ వరస చేయిస్తాం.

వెల్లకిలా పడుకోగలగడంతో ఆమెకు ఎంఆర్‌ఐ తీయగలిగాం. వెన్నుపాము మీద ఒత్తిడి ఉంది, లోపల దెబ్బ ఆనవాళ్ళు ఇంకా పెద్దగా లేవు. న్యూరోసర్జన్ ప్రస్తుతానికి ఆపరేషన్ వద్దని, బరువులు తలకెత్తుకోవద్దని, ఆరు నెలలకోసారి నడక, చేతిపట్టు చూపించుకోమని చెప్పారు. ఎడమ లోబ్‌కు ఏటా స్కాన్, థైరాయిడ్ హార్మోన్ పరీక్ష ఉన్నాయి.

మత్తు డాక్టర్ ఒక కార్డు తయారుచేసి లామినేషన్ చేయించి ఇచ్చారు. తెలుగులో, ఇంగ్లీషులో రెండువైపులా ఉంది. మెడ వెనక్కి వంగదు, బలవంతంగా వంచితే వెన్నుపాముకు ప్రమాదం. మేలుకుని ఉండగా, కూర్చోబెట్టి, ముక్కు ద్వారా ఫైబర్ స్కోపుతో 6 సైజు గొట్టం వెళ్ళింది. లిగ్నోకైన్ ఎంత ఇచ్చాం, ఏ భంగిమ పనికిరాలేదు, మాస్కుతో ఊపిరి అందించడం ఎలా ఉంది, అన్నీ రాశారు. ఆరోగ్యశ్రీ కాగితాలు ఉండే కవర్లోనే దాన్ని పెట్టుకోమని కోడలికి చెప్పాం. ఏ ఆస్పత్రికి వెళ్ళినా మొదట అదే చూపించాలి.